పిట్టగోడ లేని మిద్దె



"మన యింటికి ప్రభువే కావలి, ఇన్సూరెన్సు అవిశ్వాసుల పని" అని మనలో కొందరు భక్తిపరులు పలుకుచుందురు. ఈ మాట చెవికి ఇంపుగానే యున్నది. కాని దానిలో భక్తికంటె సోమరితనమే హెచ్చు. అంతేకాదు, అది బీదవారికి కీడు చేయుచున్నది. ఈ సంగతినే నేడు మీ యెదుట పెట్టగోరుచున్నాను.

పల్నాడు జిల్లా ఎడ్లపాడులో, గుంటూరు నుండి చిలకలూరిపేటకు పోవు పెద్ద రోడ్డు ప్రక్కన, ఒక క్రైస్తవ కుటుంబమున్నదని అనుకొందము. పరదేశములో ఉద్యోగము చేయు కుమారుడు తండ్రికి నాలుగు లక్షల రూపాయల స్విట్జర్లాండు చేతిగడియారము తెచ్చెను. పూర్వము పెండ్లికుమారునికి ఒక హెచ్.ఎం.టి. గడియారము పెట్టిన ఊరంతయు చెప్పుకొనెడిది. అది పోయినను ఎవరి కొంపయు మునుగలేదు. ఇది అట్టిది కాదు. మిరపకోతకు పోవు కూలితల్లి ఏండ్ల తరబడి కష్టించినను కూడబెట్టలేని సొమ్ము ఆ పెద్దాయన మణికట్టు మీద నున్నది. ఆదివారము ఆయన దానిని ధరించి గుడికి వచ్చును. తక్కిన దినములలో అది బీరువాలో నుండును. బీరువా తాళపుచెవి దిండు క్రింద నుండును. ఆ సంగతి ఇంటికి వచ్చిపోవు వారందరికిని తెలియును.

ఒకనాడు గడియారము కనబడలేదు. మొట్టమొదట ఎవరిని అడుగుదురు? అల్లుని అడుగరు, మేనల్లుని అడుగరు. "ఏమే, నిన్న ఆ గది ఊడ్చినది నీవే గదా?" అని పనిమనిషిని అడుగుదురు. "అయ్యో అమ్మగారూ, నా బిడ్డల తోడు, నేను దానిని చూడనైన లేదు" అని ఆమె ఏడ్చును. అంతట ఒకడు అంజనము వేయింతమనును. మరియొకడు మంత్రించిన బియ్యము నమిలింతమనును. ప్రభువే మా కావలి అనిన యింటిలోనికి, ఆ ప్రభువు అసహ్యించుకొను సోదె ఈ విధముగా ప్రవేశించును. వారము గడచిన తరువాత గడియారము ప్రయాణపు సంచి అడుగున దొరకును. గడియారము దొరికినది సరే, ఆమె పేరు ఎవరు తిరిగి యిత్తురు? ఇక ఏ యింటివారు ఆమెను పనికి పిలుతురు?

బెన్యామీను గోనెలో వెండి గిన్నె దొరికిన దినమున అతడు నిర్దోషి. అయినను అన్నలందరును బట్టలు చింపుకొనిరి. నింద అట్టిది. సత్యము తేలుటకు ముందే అది మనుష్యుని పడగొట్టును.

ద్వితీయోపదేశకాండము ఇరువదిరెండవ అధ్యాయములో దేవుడిచ్చిన ఒక చిన్న ఆజ్ఞను జ్ఞాపకము చేసికొనుడి. క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెను. ఎందుకు? పైనుండి మనుష్యుడు పడి చచ్చినయెడల ఆ యింటిమీదికి దోషము రాకుండుటకే. "దేవుడే కాపాడును, గోడ ఎందుకు?" అని ఏ ఇశ్రాయేలీయుడైన అడిగెనా? గోడ ఇంటివాని భయమునకు గురుతు కాదు, పొరుగువాని యెడల ప్రేమకు గురుతు. ఖరీదైన వస్తువును తాళము లేక, కాగితము లేక, ఇన్సూరెన్సు లేక ఇంటిలో నుంచుట పిట్టగోడ లేని మిద్దెవంటిది. దానిమీదనుండి పడువాడు యజమానుడు కాడు, పనివాడే.

మీ మోటారు సైకిలుకు ఇన్సూరెన్సు కట్టుచున్నారు గదా! 1988 మోటారు వాహనముల చట్టము తప్పనిసరి చేసినది మన బండికి కలుగు నష్టపు బీమా కాదు, మన బండి క్రింద పడువాని కొరకైన బీమా. మిరపబస్తాలు కోల్డుస్టోరేజీలో పెట్టునప్పుడు ఇన్సూరెన్సు ఉన్నదా లేదా అని విచారించుట వివేకమనుచున్నారు. మిరపకాయలకు అవిశ్వాసము కానిది గడియారమునకు ఎట్లు అవిశ్వాసమగును? స్కాట్లండు సంఘమువారు తమ బోధకుల విధవరాండ్ర కొరకు, అనాథల కొరకు 1744లోనే చట్టబద్ధమైన నిధి నేర్పరచి, లెక్కలు కట్టి, ఏటేట చందా చెల్లించిరి. వారు అవిశ్వాసులా? ఒకని భారమును పదిమంది మోయుటయే ఇన్సూరెన్సులోని మూలసూత్రము. అది సువార్తకు విరోధము కాదు.

అయితే కాగితము కొనినంత మాత్రమున పని ముగియలేదు. 2021 ఏప్రిల్ 1 నుండి 'భారత్ గృహ రక్ష' అను ఇంటి పాలసీ దేశమంతట అమలులోనికి వచ్చెను. అది అగ్ని, తుపాను, వరద మొదలగు వాటికి మేలైనదే. కాని వట్టి దొంగతనమునకు అది చాలదు. అట్టి ఆపద వచ్చిన యేడు దినములలోపల దానినిబట్టి జరిగిన దొంగతనమునకే అది వర్తించును. నగలవంటి విలువైన వస్తువులను వేరుగ చేర్పించి, వాటి విలువ ముందుగానే ఒప్పుకొనవలెను. దొంగతనమునకు వేరు రక్షణ తీసికొనవలెను. అందులోను, తలుపు గాని తాళము గాని పగులగొట్టిన గురుతు లేనిదే అనేక పాలసీలు సొమ్ము చెల్లింపవు. దిండు క్రింది తాళపుచెవి అక్కడ మనకే విరోధముగా సాక్ష్యమిచ్చును. కావున ఏజెంటును సూటిగా అడుగుడి: ఈ గడియారము పేరు, నంబరు పాలసీలో వ్రాసి యున్నవా? ఇంటి వెలుపల ధరించినప్పుడు పోయిన వర్తించునా? పనివారివలనగాని ఇంటివారివలనగాని పోయిన వర్తించునా? 1938 బీమా చట్టము ప్రకారము ప్రీమియము ముందుగా ముట్టనిదే కంపెనీకి బాధ్యత లేదు. నూనె కొనబోయి, తలుపు వేయబడిన తరువాత తిరిగి వచ్చిన కన్యకలను మరువకుడి.

"బ్యాంకు లాకరులో పెట్టితిమి, ఇక చింత లేదు" అని కొందరందురు. లాకరు మంచిదే. కాని లోపలి వస్తువులకు బ్యాంకు ఇన్సూరెన్సు చేయదు. 2022 జనవరి 1 నుండి అమలైన రిజర్వు బ్యాంకు నియమముల ప్రకారము, అగ్నివలన, దొంగతనమువలన, బ్యాంకు ఉద్యోగుల మోసమువలన నష్టము కలిగినయెడల బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు నూరు రెట్ల వరకే. అద్దె రెండు వేలైన, వచ్చునది రెండు లక్షలకు మించదు. నాలుగు లక్షల గడియారములో అది సగమే.

కొన్న రసీదు, వారంటీ కార్డు, గడియారపు నంబరు, ఒక ఫోటో, విమానాశ్రయములో సుంకము కట్టిన చీటీ, ఇవన్నియు గడియారమున్న చోట గాక వేరొక చోట దాచుడి. సుంకము ఎగవేసి తెచ్చినవాడు పోయిన దినమున ఏ ముఖముతో దావా వేయును? వస్తువు పోయినయెడల ఇల్లంతయు వెదకి, పిమ్మట పోలీసు స్టేషనుకు పోయి ఫిర్యాదు వ్రాయించి, కంపెనీకి వెంటనే తెలియజేయుడి. ఎవరిచేతను ఒట్టు వేయింపవద్దు. ఎవరి మూటయు విప్పింపవద్దు.

నేను కంపెనీని దేవునిగా చేయుట లేదు. ఎడ్లపాడు మండలములోనే కొండవీటి దుర్గమున్నది. రెడ్డిరాజుల గోడలు అంత దొడ్డవైనను 1515లో ఆ కోట శ్రీకృష్ణదేవరాయల వశమాయెను. ఏ గోడయు, ఏ పాలసీయు నిత్యము నిలువదు. చిమ్మెటయు తుప్పును అంటని ధనము వేరే యున్నదని ప్రభువు చెప్పియే యున్నాడు. అయితే భూమిమీది ధనమును ఇంటనుంచుకొనినవాడు దాని భారమును తానే మోయవలెను గాని పనిమనిషి తలపై నుంచరాదు. అంత జాగ్రత్త పడజాలనివాడు ఆ గడియారమును కుమారునికే తిరిగి యిచ్చి, చవుక గడియారము కట్టుకొనవచ్చును. గుడి గంటకు వేళ తెలియుటకు అది చాలును.

నేటి రాత్రి ప్రార్థనకు ముందు మీ దిండు క్రింద చేయి పెట్టి చూడుడి. తాళపుచెవి అక్కడనే యున్నయెడల మొదట దానిని భద్రమైన చోట నుంచి, పిమ్మట మోకరించుడి. మన నిర్లక్ష్యమువలన ఏ బీదరాలి కన్నీరును మన గడపమీద పడకుండ ప్రభువు మనకు వివేకము ననుగ్రహించును గాక. ఆమేన్.