తాత పతకం అసలుదేనా? ముందు అంచు చూడండి.. మిలిటరీ మాధవరం నుంచి జర్మనీ ఐరన్ క్రాస్ దాకా!

పాత ట్రంకుపెట్టెలో తాతగారి యుద్ధ పతకం కనిపిస్తే చాలామంది చేసే పనులు రెండు. చింతపండు వేసి తళతళా తోమేయడం, లేదంటే వెండి ఎంతుందో తూకం వేయించడం. రెండూ నష్టమే. ఎందుకో చూద్దాం.

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరాన్ని అందరూ 'మిలిటరీ మాధవరం' అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఈ ఊరి నుంచి జవాన్లు వెళ్లారు. ఊళ్లో వాళ్ల స్మారకం కూడా ఉంది. ఇలాంటి చోట పతకం అంటే ఇంటి చరిత్ర. మరి అది అసలుదో కాదో తేల్చేదెలా?

అంచు మీద పేరు

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. ఒకవైపు ఐదో జార్జి తల, రెండోవైపు గుర్రమెక్కిన వీరుడు, 1914, 1918 అంకెలు ఉంటాయి. అసలు విషయం అంచులో ఉంది. సైనికుడి నంబరు, పేరు, దళం అక్కడే అచ్చు వేశారు. పాత పేరు అరగదీసి కొత్తది చెక్కితే వెడల్పు కాస్త తగ్గుతుంది, కొలిస్తే దొరికిపోతుంది. ఎక్కువగా తోమినా ఆ అక్షరాలే పోతాయి.

కంచుది కనిపిస్తే నకిలీ అని కొట్టిపారేయకండి. కూలీ దళాల్లో పనిచేసిన భారతీయులకు కంచు పతకాలే ఇచ్చారు. అలాగే రెండో యుద్ధం నాటి స్టార్లను బ్రిటన్ తన సైనికులకు పేరు లేకుండానే ఇచ్చింది. కాబట్టి పేరు లేనంత మాత్రాన నకిలీ కాదు.

జర్మనీ పతకాలతో జాగ్రత్త

ఆన్‌లైన్‌లో కనిపించే ఐరన్ క్రాస్ సంగతి వేరు. 1813లో ప్రష్యా రాజు మొదలుపెట్టిన ఈ పతకాన్ని 1914లో, 1939లో మళ్లీ ఇచ్చారు. మొదటి యుద్ధంలోనే లక్షల్లో పంచారు. సాధారణంగా సెకండ్ క్లాస్ పతకం మీద సైనికుడి పేరు ఉండదు. నకిలీగాళ్లకు కలిసొచ్చింది ఇదే. పేరు లేదు కాబట్టి ఏ కథైనా అల్లొచ్చు.

మామూలుగా అసలుదానికి మధ్యలో నల్ల రంగు వేసిన ఇనుప ముక్క, చుట్టూ రెండు వెండి చట్రాలు కలిపి అతికిన గీత ఉంటాయి. మొత్తం ఒకే పోతగా ఉంటే అనుమానించాల్సిందే. అయస్కాంతానికి అంటుకున్నా నమ్మేయొద్దు, నకిలీల్లోనూ ఇనుము పెడతారు. స్వస్తిక లేకుండా 1939 అంకె ఉంటే అది 1957 తర్వాత పశ్చిమ జర్మనీ చట్టం ప్రకారం చేసిన రకం కావచ్చు. అది చట్టబద్ధమైనదే కానీ యుద్ధకాలానిది కాదు.

అమ్మే ముందు ఒక్క మాట

చారిత్రక విలువ ఉండి వందేళ్లు దాటిన వస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని సొంతంగా విదేశాలకు పంపడం కుదరదు. మొదటి యుద్ధం పతకాలకు ఆ వయసు వచ్చేసింది. బయటి దేశం కొనుగోలుదారు ఎంత రేటు చెప్పినా ముందు పురావస్తు శాఖను అడగాలి.

ఇంట్లో పతకం ఉంటే ఇవాళే అంచు చుట్టూ ఫొటోలు తీయండి. డిశ్చార్జి, పెన్షన్ కాగితాలుంటే వాటితో కలిపే దాచండి. పతకంపై పేరు, కాగితంలో పేరు ఒకటైతే అంతకు మించిన రుజువు అక్కర్లేదు.