దుర్భిణికంటె ముందు పీఠము

మన పాఠశాలకు, గ్రహముల ఛాయాచిత్రములు దీయుటకు దగిన పెద్ద దుర్భిణి యొకటి కొనవలెనని పూర్వవిద్యార్థులును తల్లిదండ్రులును చందాలు ప్రోగుచేయుచున్నారు. సంకల్పము మెచ్చదగినది. కాని యీ విషయమై జరుగు ప్రసంగములన్నియు "ఎన్ని యంగుళములది?" యను ప్రశ్నతో మొదలై యా ప్రశ్నతోనే ముగియుచున్నవి. గొట్టమును మోయు పీఠమునుగూర్చి, అనగా వర్తకులు మౌంటని పిలుచు దానినిగూర్చి, యడిగినవారు లేరు. పీఠమును ముందు నిశ్చయించి, యది సుళువుగా మోయగల గొట్టమును పిమ్మట నెంచుకొనవలెనని నా యభిప్రాయము. అందువలన 14 అంగుళములనుండి 8 అంగుళములకు దిగవలసివచ్చినను దిగుటయే మేలు.

పెద్దది కావలెననువారి వాదమును నేను తేలికగా ద్రోసివేయను. దర్పణము వెడల్పైనకొలది సూక్ష్మవిషయములు విడివడి కానవచ్చును. ఆకాశమున కొలతకు వికల యనునది డిగ్రీలో 3,600వ వంతు. 8 అంగుళముల దుర్భిణి 0.57 వికలల యెడముగల రెండు చుక్కలను వేఱుచేసి చూపగా, 14 అంగుళములది 0.33 వికలలవఱకు బోగలదు. గురుగ్రహము మనకు దగ్గఱగా వచ్చినపు డైనను దాని బింబము సుమారు 45 వికలలే గనుక, ఈ భేదము స్వల్పమైనది కాదు.

అయితే యీ బలమునందే చిక్కున్నది. సెలెస్ట్రాన్ కంపెనీవారి 14 అంగుళముల గొట్టమునకు నాభ్యంతరము 3,910 మిల్లీమీటర్లు. గ్రహములకు వాడు కెమేరాలలో ఒక్కొక్క పిక్సెలు 2.9 మైక్రానుల వెడల్పు గలదిగా నుండుట సామాన్యము. అట్టి కెమేరాను దీనికి దగిలించినచో నొక పిక్సెలులో 0.15 వికల మాత్రమే పట్టును. అరమీటరు పొడవుగల గొట్టపు కొన మిల్లీమీటరులో రెండువేలవ వంతు కదలకమునుపే బొమ్మ యొక పిక్సెలు జరిగిపోవును. తలవెండ్రుక మందములో నది నూఱవవంతైనను గాదు! గాలి తగిలియో, దగ్గఱ నొకడు నడచియో, గొట్టము సెకనునకు 5 మాఱులు, అటు 2 వికలలు ఇటు 2 వికలలు ఊగినదనుకొందము. ఆ యూపు నడుమ, సెకనులో నూఱవవంతు కాలములోనే బొమ్మ 0.6 వికలలు అలికినట్లగును. అనగా 14 అంగుళముల వెల యిచ్చి, 8 అంగుళములది చూపగలిగినదానికన్న దక్కువ చూచితిమన్నమాట. ఇసుకపై నిల్లుగట్టినవాని యుపమానము మన బాలు రందఱు నెఱిగినదే.

ఈ సత్యమునకు చరిత్రలోను నిదర్శనము గలదు. విలియం హెర్షెల్ 1789లో ఇంగ్లండునందు 48 అంగుళముల దర్పణమును 40 అడుగుల గొట్టమును గల మహాయంత్రమును ముగించెను. దానిని ద్రిప్పి నిలుపుట యొక పెద్ద పనియైనందున నాయన తన 20 అడుగుల దుర్భిణినే యెక్కువగా వాడుకొనెను. 1824లో డోర్పట్ నగరమున, అనగా నేటి ఎస్టోనియాలోని టార్టునందు, ఫ్రౌన్‌హోఫర్ చేసిన దుర్భిణిని నిలిపిరి. దాని కటకము 24 సెంటీమీటర్లదే. కాని పీఠము భూభ్రమణమునకు సరిగా గడియారపు యంత్రముచే దిరుగుచుండెను. దానితో స్ట్రూవె 3,000లకు మించిన జంటనక్షత్రములను బట్టిక కెక్కించెను. నేడు జర్మన్ పీఠమని యమ్మబడు రకమునకు మూల మదియే.

ఇక నెట్టి పీఠము కావలెను? ఇచ్చట మనవారిని వర్తకులు రెండవవైపునకు లాగుదురు. దూరపు నీహారికలను నిమిషములకొలది కాంతి గ్రహించి చిత్రించువారికి గావలసిన యతిసూక్ష్మపు పళ్లచక్రములను, మార్గదర్శక కెమేరాలను మనకును అంటగట్టజూతురు. గ్రహచిత్రణము వేఱు. ఇందు సెకనులో నూఱవవంతు చొప్పున వేలకొలది చిత్రములను దీసి, గాలి నిలుకడగా నున్న క్షణములలోని మంచివానిని ఆటోస్టాకర్ట్ వంటి కంప్యూటరు సాధనముచే నేఱి యొకదానిపై నొకటి పేర్తురు. గురుడు 9 గంటల 55 నిమిషములలో నొక చుట్టు తిరుగుటచే నొక్కొక్క వరుస రెండు మూడు నిమిషములకు మించదు. అంతలో బొమ్మ మెల్లగా ప్రక్కకు జరిగినను సాధనము సరిచేసికొనును. త్వరితమైన వణకును మాత్ర మెవ్వరు సరిచేయలేరు. కావున మనము గట్టిదనమునకు వెల యియ్యవలెను గాని సూక్ష్మతకు గాదు.

మోటారు మాత్ర ముండవలసినదే. ఆకాశము సెకనునకు 15 వికలల చొప్పున జరుగుచుండును గనుక, పైజెప్పిన గొట్టములో 1,936 పిక్సెళ్ల వెడల్పుగల పలకను గురుడు సుమారు 20 సెకనులలో దాటిపోవును. చెక్కపెట్టెపై గూర్చుండు డాబ్సన్ రకము చవుక, గట్టిది, కంటితో జూచుటకు మిక్కిలి మంచిది. మోటారు లేనిదైనచో చిత్రములకు మాత్రము చేతితో ద్రోయుచు గూర్చుండవలెను.

బరువులు చూతము. 14 అంగుళముల గొట్టము 20 కిలోగ్రాములకు మించును. స్కైవాచర్ వారి ఇక్యూ6-ఆర్ పీఠము మోయునని చెప్పబడు బరువు 20 కిలోగ్రాములు. కాగితముమీద రెండును నించుమించుగా సరిపోయినట్లు తోచును. కాని యది విఱుగక మోయు బరువే గాని వణకక మోయునది గాదు. చెప్పినదానిలో మూడింట రెండువంతులు మించకుండుట మేలు. అట్లైన సుమారు 12.5 కిలోగ్రాములుండు 11 అంగుళముల గొట్టము దానికి దగును. సుమారు 6 కిలోగ్రాముల 8 అంగుళములది దానిపై బండవలె నిలుచును. 14 అంగుళములదే కావలెనన్నచో 34 కిలోగ్రాములు మోయు సీజీఎక్స్-ఎల్ వంటిది కొనవలెను. అంత గొట్టమును ప్రతి సాయంకాలము నెత్తి పీఠముపై నుంచువా రెవరు? తొమ్మిదవ తరగతి బాలబాలికలకు శక్యము గాదు. దానిని నిలుపనేర్చిన యుపాధ్యాయు డొక్కడు బదిలీయై పోయిన మఱునాటినుండి యది బీరువాలో నుండును. చందా లిచ్చినవారిలో దినకూలివారును గలరని మఱువరాదు.

మన ప్రాంతమున కొక విశేషము గలదు. తెలుగుదేశము సుమారు 13 మొదలు 20 డిగ్రీల అక్షాంశముల నడుమ నున్నది. ధ్రువమునకు జూపవలసిన యిరుసు మనయొద్ద దాదాపు పండుకొనియుండును. శీతలదేశములను దలచి చేసిన పీఠములలో గొన్నిట నట్లు వంచినప్పుడు సరితూకపు బరువుయొక్క కడ్డీ స్టాండు కాలికి దగులును. కొనకమునుపే మన యక్షాంశము చెప్పి వర్తకు నడుగవలెను. దీనికి బదులు మనకు లాభమును గలదు: గ్రహములు నడిరేఖను దాటునపుడు మనకు సామాన్యముగా 45 డిగ్రీలకంటె దిగువకు బోవు, దట్టమైన గాలిపొరల బాధ తక్కువ. సుమారు 10 డిగ్రీల యక్షాంశమునగల ఫిలిప్పీన్సులోని సెబూ నగరమునుండి క్రిస్టఫర్ గో 2006లో గురునిపై నొక తెల్లని మచ్చ యెఱ్ఱబాఱుటను గనిపెట్టినది 11 అంగుళముల దుర్భిణితోనే.

దానిని నిలుపుటకు డాబా వలదు. పగటి యెండను ద్రాగిన కప్పు రాత్రి యంతయు వేడిగాలి విడుచును. నడిచినవారి యడుగు లెల్ల గొట్టమున వినవచ్చును. ఆటస్థలపు మూల, చుట్టుప్రక్కల గచ్చునకు దగులకుండ నొక కాంక్రీటు స్తంభము నాటించినచో జాలును. ఆ పని మన యూరి మేస్త్రీయే చేయగలడు.

వర్తకుడు వచ్చి చూపునపుడు సంఘమువారు గురునిగాని యొక ప్రకాశమైన నక్షత్రమునుగాని దుర్భిణిలో నిలిపి, గొట్టమును వ్రేలికొనతో మెల్లగా దట్టి సెకనులు లెక్కింతురుగాక. రెండు మూడింటిలో బొమ్మ నిలిచినయెడల బేరమాడవచ్చును. ఐదు దాటినచో, ఎంత చవుకగా నిచ్చెదనన్నను, నెన్ని యంగుళముల దైనను, తిరిగి తీసికొనిపొమ్మనవలెను.