చెరువుకొచ్చిన చుట్టాలను కొట్టొద్దు



పోయిన ఆదివారం మనం చెరువుకు స్నానాలకు పోయినప్పుడు కొందరు ఉండేలుతో బాతులను కొట్టినారు. ఒకటి రెక్క విరిగి జమ్ములోకి దూరింది. వెతికినాము, దొరకలేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఎవరి మీదా చాడీలు చెప్పడానికి ఇది రాయడం లేదు. నేనూ తిన్నవాణ్ణే. నాలుగో తరగతిలో మా మామ వల వేసి పట్టిన బాతు కూర తండాలో నేనూ తిన్నాను. అవి యాడ నుంచి వస్తాయో అప్పుడు నాకు తెలీదు.

లైబ్రరీలో పక్షుల పుస్తకం చూసినాక తెలిసింది. ఉత్తరాన మంచుదేశాల సముద్రపు ఒడ్డున హార్లెక్విన్ బాతు అని ఒకటుంది. మగదానికి బూడిద నీలం ఒళ్లు, తెల్లటి పట్టీలు, పక్కలకు ఇటుక రంగు. పండక్కి రంగులు పూసినట్టే ఉంటుంది. ఐడర్ అని ఇంకో సముద్రపు బాతు. ఆడ ఐడర్ తన రొమ్ము మీది మెత్తటి ఈకలు పీకి గూట్లో పరిచి గుడ్లను కాపాడుతుంది. ఐస్‌లాండ్ రైతులు ఆ గూళ్లకు నక్కల నుంచి కాపలా కాసి, ఆ ఈకలు ఏరుకొని అమ్ముకుంటారు. పక్షీ బతుకుతుంది, మనిషీ బతుకుతాడు. అదే జాతిలో లాబ్రడార్ బాతు మాత్రం 19వ శతాబ్దం ముగిసేలోపే అంతరించిపోయింది. ఇప్పుడు మ్యూజియాల్లో బొమ్మలుగానే మిగిలింది.

ఆ సముద్రపు బాతులు మన దగ్గరకు రావు. కానీ వాటి చుట్టాలు వస్తాయి. సూదితోక బాతు, చెంచామూతి బాతు సైబీరియా వంటి చలిదేశాల నుంచి హిమాలయాలు దాటి, చలికాలంలో మన చెరువుల్లో దిగుతాయి. ఎండలు ముదరకముందే తిరిగి పోతాయి. మన అనంతపురంలో ఏడాదికి వాన సుమారు 550 మిల్లీమీటర్లే. చెరువు నిండిన ఏడు వస్తాయి, ఎండిన ఏడు రావు. చెరువు ఎండితే మా యాడి, బా కూడా బెంగుళూరుకు కూలికి పోతారు. ఆ ఊర్లో ఎవరన్నా వాళ్ల మీద రాయి వేస్తే నాకెట్లుంటుంది?

చిలమత్తూరు మండలం వీరాపురం చూడండి. 2022లో జిల్లాలు విడిపోయి అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. అక్కడ ఇండ్ల మధ్య చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. అందరూ సైబీరియా కొంగలంటారు గానీ అవి మన దేశంవే. రెట్టలు పడినా, వాసనొచ్చినా ఊరోళ్లు వాటిని తరమరు. పురుడుకొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు. అదీ కరువు ఊరే కదా!

"కూరకు దొరికినవి వదిలేస్తామా?" అని ఒక అన్న అడిగినాడు. ఆకలి అబద్ధమని నేను అనను. కానీ అన్నా, మొన్న కొట్టినవాటిలో కూరకు ఒక్కటన్నా వచ్చిందా? మనం కొట్టింది ఆకలికి కాదు, ఆటకు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని వేటాడడం నేరం.

అందుకని నా అభిప్రాయం ఇది. ఉండేళ్లు పెట్టెల్లో పెట్టేద్దాం. వార్డెన్ సార్‌కు మనవి: ఆదివారం సాయంత్రం మమ్మల్ని గట్టు మీదికి పంపండి సార్. ఏ బాతు ఎన్ని వచ్చినాయో నోటుబుక్కులో లెక్క రాస్తాము. మొదటి పేజీలో ఆ రెక్క విరిగినదాన్ని నేనే రాస్తాను.

— 9వ తరగతి విద్యార్థి