యుద్ధం లేని విజయం, మిగిలిన వాగ్దానం

క్షీణిస్తున్న వలస సామ్రాజ్యానికి, ఎదుగుతున్న కొత్త శక్తికి మధ్య తగవు చివరకు యుద్ధభూమిలోనే తేలడం చరిత్రలో తరచు కనిపించేదే. పుదుచ్చేరి ఇందుకు మినహాయింపు. 1954 నవంబరు 1న అక్కడ పాలన చేతులు మారినప్పుడు పట్టణం నడిబొడ్డున గానీ, నెల్లితోపు వంటి పేటలలో గానీ భారత, ఫ్రెంచి సేనలు తలపడలేదు.

దీనిని ఫ్రాన్సు ఔదార్యంగా భావించడం పొరపాటు. 1949లో భారత్ సుంకాల ఒప్పందానికి స్వస్తి చెప్పి, అనంతరం రాకపోకలపై ఆంక్షలను బిగించింది. ఆ భారం మోసింది సామాన్యులే. 1954 మార్చి నుంచి కమ్యూన్లు ఒక్కొక్కటిగా విలీనానికి మొగ్గాయి. మే 7న వియత్నాంలోని దియన్ బియన్ ఫూ కోట కూలింది. జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో తెలుగువారి యానాం విముక్తమైంది. అక్టోబరు 18న కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటు వేయగా, 170 మంది విలీనాన్ని కోరారు.

పాలన బదిలీ అయిన రోజునే అల్జీరియాలో తిరుగుబాటు రాజుకోవడం గమనార్హం. 1956 మే 28న అప్పగింత ఒప్పందం కుదిరినా, ఫ్రెంచి పార్లమెంటు ఆమోదానికి ఆరేళ్లు పట్టింది. అల్జీరియా స్వతంత్రమయ్యాక గానీ, 1962 ఆగస్టు 16న బదిలీ చట్టబద్ధం కాలేదు. చర్చలకు ససేమిరా అన్న పోర్చుగల్ మాత్రం 1961 డిసెంబరులో గోవాను సైనిక చర్యలో కోల్పోయింది. ఓర్పు వహించిన భారత్‌కు, ఆలస్యంగానైనా వాస్తవాన్ని గుర్తించిన ఫ్రాన్సుకు ఇరువురికీ మేలే జరిగింది.

అయితే సంధితో గెలిచినవారికి సంధి షరతులను పాటించే బాధ్యత కూడా ఉంటుంది. ఈ ప్రాంతాల ప్రత్యేక పాలనా ప్రతిపత్తిలో రాజ్యాంగపరమైన మార్పులను ప్రజాభీష్టం తెలుసుకున్న తరువాతనే చేపట్టాలని 1954 ఒడంబడిక నిర్దేశించింది. నేడు అక్కడ ఎన్నికైన ప్రభుత్వానికి గల అధికారాలు రాష్ట్ర ప్రభుత్వాల అధికారాలకు సాటిరావు. 2016 నవంబరు ఉపఎన్నికలో నెల్లితోపు ఓటర్లు ముఖ్యమంత్రి నారాయణస్వామిని గెలిపించారు. మరుసటి ఏడాదే ఆయన ప్రభుత్వ సిఫార్సు లేకుండా కేంద్రం ముగ్గురు శాసనసభ్యులను నామినేట్ చేసింది. ఆ అధికారం కేంద్రానికి ఉందని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చట్టపరమైన వివాదం అంతటితో సమసిపోయింది. ప్రజాభీష్టానికి సంబంధించిన ప్రశ్న మాత్రం సమసిపోలేదు.

పూర్తి రాష్ట్ర ప్రతిపత్తి కోరుతూ పుదుచ్చేరి శాసనసభ పలుమార్లు తీర్మానించింది. సొంత ఆదాయ వనరులు పరిమితమన్న కేంద్రం సందేహాన్ని కొట్టివేయలేము. తమిళ, తెలుగు, మలయాళ ప్రాంతాలుగా చెదిరి ఉన్న నాలుగు ముక్కలకు ఒకే పరిష్కారం సరిపోకపోవచ్చు. కానీ మౌనం సమాధానం కాజాలదు. వలస పాలకుల నుంచి ప్రజల పేరిట స్వీకరించిన గడ్డపై ప్రజల మాటకే తుది విలువ ఉండాలి. యుద్ధం లేకుండా దక్కిన విజయానికి సార్థకత అప్పుడే.