నల్లచేవను తెల్లబరచాలా?

కొంతకాలంగా మన సంఘ సభ్యుల ఇళ్ళకు భోజనాలకు వెళ్ళినప్పుడల్లా ఒక మార్పు గమనిస్తున్నాను. గోడలు తెలుపు, వంటింటి అల్మరాలు తెలుపు, నేల లేతరంగు మేపుల్. ఆ తెలుపు మధ్య ఇండియా నుంచి తెచ్చుకున్న ఉయ్యాల బల్లో, ఇరుగుడు కుర్చీయో ఉంటే, అది పెళ్ళివారింటికి పాతబట్టలతో వచ్చిన చుట్టంలా మూల నక్కి ఉంటుంది. "దీన్ని కాస్త బ్లీచ్ చేసి లేతరంగు వేస్తే బాగుంటుందేమో!" అని గృహిణి అంటుంది. గృహస్థు అప్పటికే హార్డ్‌వేర్ షాపు నుంచి సీసాలు తెచ్చి గరాజ్‌లో పెట్టి ఉంటాడు. ఆ సీసాల మూతలు తీయకముందు నా మాట కాస్త వినమని మనవి. నేను తీసి చూసినవాణ్ణి కనుక చెబుతున్నాను.

మా నాన్నగారు బడిపంతులు. ఆయన రాతబల్ల ఇరుగుడు కర్రతో చేసినది. ఇక్కడివారు రోజ్‌వుడ్ అనేది దాన్నే. ముదురు గోధుమరంగు, అందులో ఊదా ఛాయ, మధ్యమధ్య నల్లటి చారలు. కుడిచేతి వైపు సిరాబుడ్డి పెట్టేచోట గుండ్రటి మచ్చ. ఆయన పోయాక 1998లో ఆ బల్లను ఓడలో తెప్పించుకున్నాను. 2009లో కొత్త ఇంట్లోకి మారాక గదికి అది నప్పలేదనిపించింది. లేత బూడిదరంగు వేద్దామనుకున్నాం.

ఇక్కడొక చిన్న సంగతి చెప్పాలి. కర్రకు వేసే డై గోడకు వేసే పెయింటు లాంటిది కాదు. అది పారదర్శకం. కింద ఉన్న రంగుకు తన రంగు కలుపుతుందే తప్ప దాన్ని కప్పదు. కాబట్టి నల్లకర్ర మీద బూడిదరంగో, లేతనీలమో కనిపించాలంటే ముందు కర్ర సహజవర్ణాన్నే తీసెయ్యాలి. అందుకు వాడేది రెండు సీసాల బ్లీచ్. ఒకదానిలో కాస్టిక్ సోడా, రెండోదానిలో హైడ్రోజన్ పెరాక్సైడ్. ఆ పెరాక్సైడ్ మందుల షాపులో దొరికే 3 శాతం సరుకు కాదు, దానికి ఎన్నో రెట్లు గాఢమైనది. చర్మం మీద పడితే కాలుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు.

నేను పాత పాలిష్ అంతా గీకి, చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని శాస్త్రోక్తంగానే మొదలుపెట్టాను. మొదటిసారికి పెద్దగా తేడా లేదు. రెండోసారి, మూడోసారి పూశాను. ఒకచోట గడ్డిరంగు వచ్చింది, ఒకచోట పచ్చటి పసుపు, ఒకచోట ఏమీ మారలేదు. వెనిగర్ నీళ్ళతో తుడిచి, కొన్ని రోజులు ఆరబెట్టాను. తడికి కర్రమీద నూగు లేచింది. శాండ్ పేపర్‌తో రుద్దితే, బ్లీచ్ దిగింది పైపొరలోకే గనుక, కింది నలుపు మళ్ళీ బయటపడింది. ఆ రుద్దుడులోనే సిరామచ్చ కూడా పోయింది. చివరికి డై వేస్తే బల్లంతా బొల్లి వచ్చినట్టు అయింది.

మరుసటి ఏడు మా అమ్మ ఇండియా నుంచి వచ్చింది. ఆ బల్లమీద చెయ్యి వేసి, "ఇదెవరిదిరా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు.

బ్లీచింగ్ అసలు చెయ్యకూడదని నా వాదన కాదు. నీళ్ళగ్లాసు పెట్టినచోట, ఇనుపమేకు తడిసినచోట పడిన నల్లమరక పోవాలంటే ఆక్సాలిక్ యాసిడ్ చాలు. అది మరకను తీస్తుంది, కర్ర అసలురంగును పెద్దగా ముట్టుకోదు. కొత్త బల్లలో చేవకూ, దాని పక్కనున్న తెల్లచెక్కకూ తేడా మరీ కొట్టొచ్చినట్టుంటే సరిచేయడానికీ బ్లీచ్ పనికొస్తుంది. అమెరికాలో 1940లు, 50లలో లేతరంగు ఫర్నిచర్ మోజు నడిచినప్పుడు మహాగనీని కూడా బ్లీచ్ చేసి అమ్మారు. కొత్తగా కొన్న కర్రతో ఎవరి ముచ్చట వారు తీర్చుకోవచ్చు. అయితే బట్టలకు వాడే క్లోరిన్ బ్లీచ్‌ను మాత్రం వెనిగర్‌తో గానీ, మరే యాసిడ్‌తో గానీ కలపకండి. విషవాయువు పుడుతుంది.

నా అభ్యంతరమల్లా పెద్దల నాటి నల్లకర్ర విషయంలోనే. మరక వేరు, రంగు వేరు. మరక బయటినుంచి వచ్చింది, దాన్ని తీయవచ్చు. రంగు చెట్టు లోపల ఏళ్ళ తరబడి చేరిన చేవ. మన భాషలో చేవ అంటే బలమని కూడా అర్థం ఉండనే ఉంది. దాన్ని ఒకసారి తీసేస్తే తిరిగి రాదు. మళ్ళీ కొందామన్నా ఇరుగుడు ప్రజాతికి చెందిన కలప అంతర్జాతీయ వ్యాపారం 2017 జనవరి నుంచి సైటీస్ ఒప్పందం నియంత్రణలో ఉంది.

మన వడ్రంగులకు ఈ విషయం బాగా తెలుసు. ఏటికొప్పాక బొమ్మలకు లేతరంగు అంకుడు కర్ర తీసుకుని లక్కరంగులు పట్టిస్తారు. కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి వాడతారు. రంగు కావాలంటే తెల్లకర్రను ఎంచుకున్నారు గానీ, నల్లకర్రను తెల్లబరచలేదు. మనకూ అదే మార్గం. లేతరంగు బల్ల కావాలంటే మేపులో, యాషో కొనుక్కుందాం.

ఇంకొక్క మాట. మా బల్ల పాడైన ఆ వేసవిలోనే ఒక పెళ్ళికి ముందు దగ్గరి చుట్టం ఒకావిడ మా అమ్మాయిని చూసి, "చామనఛాయ కదా, పార్లర్లో ముఖానికి బ్లీచ్ చేయించుకోవే" అంది. మా అమ్మాయి నవ్వి, "నాన్న బల్లకు చేశారే, అలాగా ఆంటీ?" అంది. అందరం నవ్వాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముఖానికి రాసే ఆ క్రీములోనూ ఉండేది హైడ్రోజన్ పెరాక్సైడే, గాఢతే తక్కువ. పిల్లల ముందు నల్లటిదాన్నల్లా తెల్లగా చేస్తే తప్ప నప్పదన్నట్టు ప్రవర్తిస్తే వాళ్ళు నేర్చుకునేది కేవలం వడ్రంగం కాదు.

కాబట్టి ఈ ఉగాదికి ఇల్లు సర్దేటప్పుడు ఆ పాత బల్లను మూలనుంచి కిటికీ దగ్గరకు జరపండి. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, కొద్దిగా మైనం పట్టించండి. అప్పటికీ గదికి నప్పలేదనిపిస్తే గోడరంగు మార్చండి. గోడకు మళ్ళీ రంగు వేసుకోవచ్చు. నాన్నగారి సిరామచ్చను మాత్రం మళ్ళీ వేయలేం.