లాభంలో వాటా ఇస్తామంటే, ముందు ఆ లాభం ఎవరు లెక్కకట్టారో అడుగుదాం



ఈసారి రాసేది పన్ను చట్టం గురించి. "అది కంపెనీలూ సీఏలూ చూసుకునే యవ్వారం, మనకెందుకు" అని దాటేయకండి. మన కొండలో తవ్విన ఖనిజంలో మన ఊరికి ఎంత రావాలి అన్న ప్రశ్న తిరిగి తిరిగి ఈ చట్టం దగ్గరికే వస్తుంది. దాని పేరు ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్. పేరు చూసి భయపడక్కర్లేదు. సంతకు పోయొచ్చే ఎవరికైనా అర్థమయ్యేదే.

సంతలో చింతపండు అమ్మే ఆమె ముక్కూ మొహం తెలియని వ్యాపారితో గట్టిగా బేరమాడుతుంది. అదే చింతపండు అల్లుడికి ఇస్తే ఎంత పుచ్చుకుంటుందో చెప్పలేం. సగం ధరకే ఇవ్వొచ్చు, ఊరికే కూడా ఇవ్వొచ్చు. ఇంటి డబ్బు ఇంట్లోనే ఉంటుంది. కంపెనీల సంగతీ ఇంతే. ఒకే యజమాని కింద ఇక్కడొక కంపెనీ, సింగపూర్‌లో ఇంకో కంపెనీ ఉన్నాయనుకోండి. ఆ రెండూ ఒకదానికొకటి అమ్ముకునే ధర బేరంలో తేలింది కాదు, కాగితం మీద రాసుకున్నది. పన్ను ఎక్కువున్న చోట లాభం తగ్గించి, తక్కువున్న చోట పెంచి చూపించే వీలు అక్కడే ఉంది.

దీన్ని పట్టుకోడానికి 2001 ఫైనాన్స్ చట్టం ద్వారా ఆదాయపు పన్ను చట్టంలో 92 నుంచి 92ఎఫ్ దాకా సెక్షన్లు పెట్టారు. ఇప్పుడు 2025 కొత్త చట్టం వచ్చి నంబర్లు మారినా సూత్రం అదే: చుట్టరికం ఉన్న రెండు కంపెనీల మధ్య ధర, చుట్టరికం లేని ఇద్దరి మధ్య బేరంలో తేలే ధరలా ఉండాలి. దీన్నే ఆర్మ్స్ లెంగ్త్ ప్రైస్ అంటారు. అల్లుడికి అమ్మినా బయటివాడికి అమ్మినట్టే లెక్క రాయాలన్నమాట.

వినడానికి సులువే. తేల్చడమే కష్టం. బయటివాడి ధర ఎంతో ఎవరు చెప్పాలి? సంతలో అదే సరుకు వేరేవాళ్ళు ఎంతకు అమ్ముతున్నారో కనపడితే గొడవ లేదు. కానీ కంపెనీలు అమ్ముకునే చాలా వాటికి అలాంటి సంత లేదు. అప్పుడు ధరను వదిలేసి లాభాన్ని పోలుస్తారు. ఇలాంటి పనే చేసే వేరే కంపెనీలను ఏరి, ఖర్చు మీద వాళ్ళకు ఎంత శాతం లాభం మిగిలిందో చూసి, ఈ కంపెనీకీ అంత మిగలాలి గదా అంటారు. పోల్చడానికి కనీసం ఆరు కంపెనీలు దొరికితే 35వ పర్సంటైల్ నుంచి 65వ పర్సంటైల్ మధ్యలో పడితే ఒప్పుకుంటారు. అంతకంటే తక్కువ దొరికితే సగటు తీస్తారు.

అసలు యుద్ధం ఆ ఏరే దగ్గరే. కంపెనీ తక్కువ లాభం వచ్చినవాళ్ళను ఏరుకుంటుంది, అధికారి ఎక్కువ లాభం వచ్చినవాళ్ళను ఏరుతాడు. అగ్నిటీ అనే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీని ఇన్ఫోసిస్‌తో పోల్చారు. అంత పెద్ద కంపెనీతో దీనికి పోలికేంటని ట్రిబ్యునల్ కొట్టేస్తే, 2013లో ఢిల్లీ హైకోర్టు అదే ఖాయం చేసింది. ఆ పోలిక జాబితాలో మన హైదరాబాద్ సత్యం కూడా ఉండేది. దాని లెక్కలే నమ్మలేనివని తేలాక పక్కనపెట్టారు. అంటే, ఒక కంపెనీ న్యాయమైన లాభమెంతో తేల్చే కొలబద్దలోనే దొంగ లెక్క దూరింది.

ఈ గొడవలు ఎంత దూరం పోతాయో చూడండి. పోలిక తప్పో ఒప్పో తేల్చడంలో ట్రిబ్యునల్‌దే చివరి మాటని, మామూలుగా హైకోర్టు అందులో దిగదని 2018లో కర్ణాటక హైకోర్టు చెప్పింది. 2023 ఏప్రిల్‌లో ఎస్ఏపీ ల్యాబ్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, చట్టం, నిబంధనల ప్రకారం పోల్చారా లేదా అన్నది హైకోర్టులు చూడొచ్చని చెప్పి, కేసులను వెనక్కి పంపింది. అధికారి, వివాదాల ప్యానెల్, ట్రిబ్యునల్, హైకోర్టు, సుప్రీంకోర్టు. ఒక ఏడాది లాభం ఎంతన్న ప్రశ్నకు ఇన్ని మెట్లు.

కంపెనీలన్నీ దొంగలని చెప్పడానికి ఇదంతా రాయట్లేదు. కొన్ని కేసుల్లో అధికారులే అతి చేశారని కోర్టులే చెప్పాయి. నేను చెప్పేది వేరే. లాభం అనేది కొండలో దొరికే రాయి కాదు, తూకం వేసి ఇంత అని చెప్పడానికి. అది ఖాతా పుస్తకంలో తయారయ్యే అంకె. దాని మీద ప్రభుత్వమే ఏళ్ళ తరబడి కొట్లాడాల్సి వస్తోంది. మరి మన వాటాను ఆ అంకెకు ముడేస్తే మనం ఎవరితో కొట్లాడాలి? ఏ కాగితం పట్టుకుని?

మనకు బాగా తెలిసిన సమత తీర్పునే తీసుకోండి. అనంతగిరి మండలంలోని గనుల లీజుల మీద 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆదివాసేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజులు చెల్లవన్నది అందులో అందరికీ గుర్తున్న మాట. అందులోనే ఇంకో మాట ఉంది. పూర్తి నిషేధం లేని చోట లీజు తీసుకున్నవాళ్ళు నికర లాభంలో కనీసం 20 శాతం శాశ్వత నిధిగా పెట్టి నీళ్ళు, బడులు, ఆసుపత్రులు, రోడ్లకు వాడాలి. గొప్ప మాటే. కానీ ఆ రెండు పదాలు మళ్ళీ చదవండి: నికర లాభం.

ఇప్పుడొక లెక్క వేద్దాం, ఊహించిన అంకెలతోనే. టన్ను ఖనిజం తవ్వి ఓడెక్కించడానికి 1,800 రూపాయల ఖర్చు. విదేశంలో అసలు కొనేవాడు ఇచ్చేది 3,000. నేరుగా అమ్మితే లాభం 1,200, ఊరి నిధికి 20 శాతం అంటే 240 రూపాయలు. అలా కాకుండా కంపెనీ ముందు తన సింగపూర్ సోదర కంపెనీకి 2,000కి అమ్మినట్టు రాసి, అది 3,000కి అమ్మిందనుకోండి. మధ్యలో ఆ కంపెనీ చేసిన పనల్లా కాగితాలు మార్చడమే. ఓడ మారలేదు, ఖనిజం మారలేదు. ఇక్కడి లాభం మాత్రం 200. ఊరికి 40. టన్నుకు 200 రూపాయలు మన బడి నుంచి, మన మంచినీళ్ళ నుంచి ఎగిరిపోయాయి.

"మరి పన్ను అధికారి పట్టుకుంటాడు గదా?" అనొచ్చు. పట్టుకుంటాడే అనుకుందాం. కేసు గెలిచి ఆ 1,000 రూపాయలను ఆదాయంలో కలిపి పన్ను వేస్తాడు. ఆ పన్ను ప్రభుత్వ ఖజానాకు పోతుంది. ఊరి సంగతి? ఆ ఏడాది వాటా లెక్క ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది. దాన్ని మళ్ళీ తెరవమని పన్ను చట్టం ఎవరికీ చెప్పదు. అలా బయటికి పోయిన లాభాన్ని దేశానికి తిరిగి తెప్పించడానికి 2017లో ఒక నిబంధన తెచ్చారు, మంచిదే. అందులో కూడా ఊరి వాటా అన్న ఊసు లేదు. ప్రభుత్వం గెలిచినా మన 40 రూపాయలు 40 గానే ఉంటాయి. ఈ మొత్తం వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకో సంగతి. సోదర కంపెనీ విదేశంలో కాక మన దేశంలోనే ఉంటే? గని ఒక కంపెనీది, ఫ్యాక్టరీ అదే యజమాని ఇంకో కంపెనీది. 2012లో దేశంలోపలి కొన్ని లావాదేవీలను కూడా ఈ చట్టం కిందికి తెచ్చారు. 2017లో అందులో ముఖ్యమైన భాగం తీసేశారు. ఇప్పుడు చాలావరకు పన్ను రాయితీలు ముడిపడి ఉన్నవే మిగిలాయి. కారణం తేలికే. ఇద్దరూ ఇక్కడే పన్ను కడితే ఒకరి లాభం తగ్గినా ఇంకొకరిది పెరుగుతుంది, ఖజానాకు నష్టం లేదు. ఖజానాకు నష్టం లేకపోతే పన్ను అధికారి చూడడు. గని దగ్గరి ఊరికి నష్టమున్నా చూడడు, అది అతని పని కాదు.

పన్ను రాయితీ ఉన్నప్పుడు ఏమవుతుందో చూడాలంటే జిందాల్ స్టీల్ అండ్ పవర్ కేసు ఉంది. కంపెనీ తన పవర్ ప్లాంట్ కరెంటును తన ఫ్యాక్టరీలకే ఇచ్చుకుంటూ యూనిట్‌కు 3.72 రూపాయలు లెక్క రాసింది. మిగులు కరెంటును విద్యుత్ బోర్డుకు 2.32కి అమ్మింది. పవర్ ప్లాంట్ లాభానికి పన్ను మినహాయింపు ఉంది కాబట్టి ఎక్కువ ధర రాస్తే కంపెనీకే మేలు. 2.32 అసలు ధర అంది పన్ను శాఖ. 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కంపెనీ వైపే చెప్పింది. కారణం వినండి: బోర్డుకు అమ్మిన ధర బేరంలో తేలింది కాదు, కొనేవాడు బోర్డు ఒక్కడే, అమ్మేవాడికి వేరే దారి లేదు, అందుకని అది మార్కెట్ ధర కాదు.

కొనేవాడు ఒక్కడే ఉంటే అది మార్కెట్ ధర కాదు! ఈ ముక్క మన తాతల నుంచి మనకు తెలుసు. సంతలో ఒకే షావుకారు తూకం, ఒకే షావుకారు ధర. అదే మాట ఒక పెద్ద కంపెనీ చెబితే సుప్రీంకోర్టు దాకా పోయి గెలిచింది. సూత్రం మనకూ పనికొస్తుంది, పట్టుకోవాలి.

బయటి దేశాల ఆదివాసీ, పేద ప్రజల అనుభవమూ ఇదే. జాంబియాలో మోపానీ రాగి గని తన రాగిని తన మాతృసంస్థ గ్లెన్‌కోర్‌కు తక్కువ ధరకు అమ్మిందని అక్కడి పన్ను శాఖ కేసు పెట్టింది. వివాదం 2006 నుంచి 2009 మధ్య లెక్కల మీద. జాంబియా సుప్రీంకోర్టు పన్ను శాఖ గెలిచిందని తేల్చింది 2020లో. సుమారు 24 కోట్ల క్వాచాల పన్ను కోసం ఒక దేశ ప్రభుత్వానికే పదేళ్ళు దాటింది. ఒక గ్రామసభకు ఎన్నేళ్ళు పడుతుంది?

అందుకని నా అభిప్రాయం సూటిగా చెబుతా. తవ్వాలా వద్దా అని తేల్చే హక్కు గ్రామసభదే, దాని మీద రాజీ లేదు. కానీ ఇప్పటికే తవ్వకాలు జరుగుతున్న చోట వాటా మాట వస్తే, లాభంలో శాతం అన్న మాటకు మురిసిపోకూడదు. 2011 గనుల బిల్లులో బొగ్గు కంపెనీలు లాభంలో 26 శాతం ఇవ్వాలని రాశారు. చాలామంది పెద్ద విజయమనుకున్నారు. ఆ బిల్లు 2014లో లోక్‌సభతో పాటే మురిగిపోయింది. 2015లో వచ్చిన జిల్లా ఖనిజ నిధి లాభం మీద కాదు, రాయల్టీ మీద నడుస్తుంది: పాత లీజులకు రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చినవాటికి 10 శాతం. శాతం తక్కువే, దాన్ని పెంచమని కొట్లాడాలి. కానీ పునాది గట్టిది. ఇనుప ఖనిజం రాయల్టీ ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ ప్రకటించే సగటు అమ్మకపు ధరలో 15 శాతం. టన్నులు ఎన్నో తెలిస్తే, ఆ నెల ధర చూస్తే, పదో తరగతి పిల్లాడు కూడా లెక్క కట్టగలడు. ఆ ధర తీసేటప్పుడు కూడా చుట్టరికం లేని బేరంలో తేలిన ఇన్‌వాయిస్ ధరే తీసుకోవాలని 2016 ఖనిజ నిబంధనల్లో ఉంది. చూశారా, అదే ఆర్మ్స్ లెంగ్త్ మాట అక్కడా ఉంది.

మనం అడగాల్సినవి ఇవి:

1. ఊరి వాటాకు టన్నులూ ప్రకటిత ధరా పునాదిగా ఉండాలి. లాభంలో వాటా దాని పైన ఉండాలి, దాని బదులు కాదు.

2. లాభంలో వాటా రాసుకునే ప్రతి కాగితంలో ఒక షరతు ఉండాలి: సోదర కంపెనీకి అమ్మితే ఆర్మ్స్ లెంగ్త్ ధర మీదే వాటా కట్టాలి, తర్వాత పన్ను కేసులో లాభం పెరిగితే ఊరి వాటా కూడా పెరగాలి.

3. ఆ లావాదేవీల లెక్క ఏటా గ్రామసభ ముందు, మన భాషలో పెట్టాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఖనిజ నిధి పనుల ప్రణాళికకు గ్రామసభ ఆమోదం ఉండాలని ఇప్పటికే మార్గదర్శకాల్లో ఉంది. ఖర్చుకు ఆమోదం మనదైనప్పుడు జమ లెక్క చూసే హక్కు ఎందుకు ఉండకూడదు?

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీలో బీకామ్, లా చదువుతున్నవాళ్ళకు ఒక పని. స్టాక్ మార్కెట్‌లో ఉన్న ప్రతి కంపెనీ వార్షిక నివేదిక ఉచితంగా దొరుకుతుంది. అందులో సంబంధిత పక్షాలతో లావాదేవీలు అన్న నోట్ ఉంటుంది. మీ ప్రాంతంలో తవ్వే కంపెనీది తెరిచి, ఎవరికి అమ్ముతోంది, ఆ కొనేవాడు ఎవరి చుట్టమో చూడండి. ట్రిబ్యునల్ తీర్పులు కూడా చదవొచ్చు. అవి ఇంగ్లీషులో ఉంటాయి, మొదట్లో తల నొప్పి పుడుతుంది. పదం తర్వాత పదం పట్టుకుని చదవండి, చదివింది ఊళ్ళో చెప్పండి.

తూకంలో మోసాన్ని మన పెద్దలు కళ్ళతో పట్టేవాళ్ళు. ఇప్పుడు తూకం రాయి ఖాతా పుస్తకంలో ఉంది. చదువుకున్న మనమే దాన్ని పట్టుకోవాలి.