మునిగిన చేను ఎవరిది? (పేట నుంచి పాఠాలు – 11)



పోయిన వారం మా కాలేజీలో సదస్సు జరిగింది. "వాతావరణ మార్పులు – చిన్న వరి రైతు" అని బ్యానర్ కట్టారు. వచ్చిన పెద్దాయన మంచి విషయాలే చెప్పారు. ముంపుని తట్టుకునే విత్తనాలు, నాట్లు లేకుండా వెద పెట్టడం, పంటల బీమా. చివర్లో రెండో సంవత్సరం అమ్మాయి ఒకతి లేచింది. "సార్, మాకు పొలం లేదు. మా అమ్మ నాట్లకి పోద్ది. ఆమె దేనికి అలవాటు పడాలి?" హాలు నవ్వింది. ఆయన కూడా నవ్వి, మంచి ప్రశ్న అని మైకు పక్కనున్నాయనకి ఇచ్చేశారు. ఆ అమ్మాయికి మనం జవాబు బాకీ ఉన్నాం.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. మాది బాపట్ల వైపు, కృష్ణా పశ్చిమ డెల్టా. నాన్న రెండెకరాలు కౌలుకి చేస్తాడు. ఎకరానికి ఇన్ని బస్తాలని నోటిమాట, అంతే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన చేను నీళ్లలో పడుకుంది. వెన్ను మీదే గింజ మొలకెత్తింది. నష్టం రాసుకోవడానికి వచ్చినాయన ఎంత పోయిందని అడగలేదు. "పాస్‌బుక్ ఎవరి పేరున ఉంది?" అన్నాడు. పరిహారం ఆసామి ఖాతాలో పడింది. కౌలు బస్తాలు మాత్రం నాన్న అప్పు చేసి కొలిచాడు.

చట్టం లేదా అంటారా? ఉంది. 2011 చట్టం కౌలుదారుకి రుణ అర్హత కార్డు ఇస్తానంది. 2019 చట్టం పంట సాగుదారు హక్కు పత్రం అంది. దాని ఆయుష్షు 11 నెలలు. పైగా ఆసామి సంతకం కావాలి. సంతకం అడిగినోడికి వచ్చే ఏడు పొలం దొరకదని పేటలో పసిపిల్లలకి కూడా తెలుసు.

ఇక విత్తనం. స్వర్ణ సబ్-1 2009లో విడుదలైంది. ఎదిగే దశలో రెండు వారాల దాకా నీళ్లకింద ఉన్నా బతుకుతుంది. ఆ శాస్త్రవేత్తలకి దండం పెడతాను. కానీ మమ్మల్ని ఎక్కువగా ముంచేది నవంబరు, డిసెంబరు తుపానులు. అప్పటికి వెన్ను వంగి ఉంటుంది. పడిపోయిన చేనుని ఏ విత్తనం లేపదు. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ. ఆరబెట్టుకోవడానికి కళ్లం లేనోడికి రోడ్డే కళ్లం. టార్పాలిన్ పట్ట కూడా అద్దెకే.

వెద సాగు దగ్గర అసలు చిక్కుంది. కాలవ నీళ్లు ఆలస్యమైనా వాన చూసి పొడి దుక్కిలో విత్తనం వేసుకోవచ్చు. నారుమడి లేదు, దమ్ము లేదు, ఖర్చు తగ్గుతుంది. నాన్న కూడా వేశాడు. నేను దానికి వ్యతిరేకం కాదు. అయితే తగ్గిన ఆ ఖర్చులో మా అమ్మ కూలీ ఉంది. వెదతో నాట్ల కూలీ పోయింది, కలుపు మందుతో కలుపు కూలీ పోయింది, మిషన్‌తో కోత కూలీ పోయింది. ఒకే ఇంట్లో నాన్న లెక్కలో ఆదా, అమ్మ లెక్కలో పస్తు. చేను పడిపోయి మిషన్ దిగబడిన రోజున మాత్రం పేటకి కబురొస్తుంది, కొడవళ్లు పట్టుకు రమ్మని.

1991లో చుండూరు దళితుల మీద సాంఘిక బహిష్కరణ పెట్టారు. పొలం పనికి పిలవకపోవడం అందులో భాగం. రెండూ ఒకటే అనను. అక్కడ మనవాళ్లని నరికి చంపారు. కానీ పని లేని ఇంట్లో పొయ్యి ఎలా ఉంటుందో అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఇప్పటి దానికి చాటింపు కూడా అక్కర్లేదు. అభివృద్ధి అంటే చాలు.

1918లోనే బాబాసాహెబ్ చిన్న కమతాల మీద వ్యాసం రాశారు. కమతం చిన్నదా పెద్దదా అన్నది ఎకరాల్లో తేలదని, దాని మీద పెట్టే పెట్టుబడి, పనిముట్ల లెక్కలో తేలుతుందని అందులో వాదించారు. నూరేళ్లు దాటినా మన సదస్సులు ఎకరాలే కొలుస్తున్నాయి. చిన్న రైతుకి విత్తనం పేరు చెప్తారు. అప్పు, కళ్లం, కాగితం ఎవరి చేతిలో ఉన్నాయో చెప్పరు.

అందుకే మనం అడగాల్సినవి మూడు. పంట నమోదు చేలో నిలబడ్డ మనిషి పేరున జరగాలి, ఆసామి సంతకంతో పని లేకుండా. తుపాను పరిహారంలో పోయిన పనిరోజులకి కూలీల వాటా ఉండాలి. కళ్లాలు, ఆరబెట్టే యంత్రాలు, డ్రమ్ సీడర్లు పేట ఆడవాళ్ల సంఘాల చేతికి రావాలి. పని తగ్గించే యంత్రం వస్తే దాని అద్దె అయినా మన ఇంటికి రావాలి కదా!

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోట్‌బుక్ తీసుకెళ్లండి. మీ ఊళ్లో ఏ చేను ఎవరు చేస్తున్నారు, పాస్‌బుక్ ఎవరి పేరున ఉంది, పదేళ్ల కింద మీ అమ్మకి ఎన్ని నాట్ల రోజులు దొరికేవి, ఇప్పుడెన్ని? రాయండి. ఆ లెక్క మనం రాయకపోతే ఎవరూ రాయరు.

ఆ రోజు లేచి అడిగిన అమ్మాయికి: తల్లీ, మీ అమ్మ ఎండకీ వానకీ ఎప్పుడో అలవాటు పడింది. ఇప్పుడు అలవాటు పడాల్సింది చట్టం, పొలంలో మీ అమ్మని చూడటానికి.

జై భీమ్.